కృష్ణ నీటికీ అట్లాంటిక్ ఉప్పుకూ ఉన్న లంకె

క్లుప్తంగా: భూతాపం వల్ల సముద్రాల పైపొర వేడెక్కుతోంది. ధ్రువాల దగ్గర కరిగిన మంచు ఉత్తర అట్లాంటిక్‌ను పలచబరుస్తోంది. అక్కడ నీటిని లోతుల్లోకి దించే మహా ప్రవాహం ఈ శతాబ్దంలో బలహీనపడటం దాదాపు ఖాయమని శాస్త్రవేత్తలు చెబుతున్నారు. పూర్తిగా ఆగిపోతుందా అన్నదానిపై మాత్రం ఏకాభిప్రాయం లేదు. కృష్ణా డెల్టాకు అంతకంటే దగ్గరి సంగతులు రెండున్నాయి: అరేబియా సముద్రం మీదుగా వచ్చే నైరుతి, నదుల నీరు మూతలా పరుచుకున్న బంగాళాఖాతం.

సముద్ర ప్రవాహాలు ఆగిపోబోతున్నాయని, యూరప్ గడ్డకట్టుకుపోతుందని చెప్పే వీడియోలు కొంతకాలంగా ఫోన్లలో తెగ తిరుగుతున్నాయి. రోహిణి కార్తెలో విజయవాడ బెంజి సర్కిల్ దగ్గర బస్సు కోసం నిలబడ్డ మనిషికి ఇది అంతుపట్టని మాట. భూమి వేడెక్కుతోందని ఓ పక్క చెబుతూ, ఇంకో పక్క గడ్డకడుతుందంటే ఏది నమ్మాలి? పైగా ఎక్కడో గ్రీన్‌లాండ్ పక్కన నీటికి ఏదో అయితే గుంటూరు మిర్చి రైతుకు ఏమిటి? రెండూ న్యాయమైన ప్రశ్నలే. జవాబు ఉప్పు దగ్గర మొదలవుతుంది.

ఉప్పు చేసే పని

నారు పోసే ముందు వడ్లను ఉప్పునీటిలో వేసి తాలు తీసేయడం డెల్టా రైతులకు తెలిసిన పద్ధతే. బకెట్ నీటిలో కోడిగుడ్డు వేస్తే మునుగుతుంది. కొద్దికొద్దిగా ఉప్పు కలుపుతూ పోతే ఒక దశలో గుడ్డు పైకి లేస్తుంది. అప్పుడు వడ్లు పోస్తే తాలు గింజలు తేలతాయి, గట్టి గింజలు అడుక్కి చేరతాయి. అక్కడ గుడ్డు తేలికవ్వలేదు, నీరు బరువెక్కింది.

సముద్రంలో జరిగేదీ ఇదే. ఉప్పెక్కువైన నీరు బరువు, చల్లబడిన నీరు ఇంకా బరువు. ఉష్ణమండలంలో ఎండకు ఆవిరైపోయి ఉప్పు మిగిలిన వెచ్చటి నీరు అట్లాంటిక్ పైపొరలో ఉత్తరానికి ప్రయాణిస్తుంది. గ్రీన్‌లాండ్, ఐస్‌లాండ్ పరిసరాలకు చేరేసరికి చలిగాలులు దాని వేడిని లాగేసుకుంటాయి. అసలే ఉప్పగా ఉన్న నీరు చల్లబడి, కింది నీటికంటే బరువెక్కి, రెండు మూడు కిలోమీటర్ల లోతుకు దిగిపోతుంది. ఆ లోతున దక్షిణానికి మళ్ళి, వందల ఏళ్ల తర్వాత ఎక్కడో మళ్ళీ పైకొస్తుంది. దీన్ని అట్లాంటిక్ మెరిడియోనల్ ఓవర్‌టర్నింగ్ సర్క్యులేషన్ అంటారు. వాడుకలో ఆమాక్.

దాని పరిమాణం ఊహించడానికి ప్రకాశం బ్యారేజీ పనికొస్తుంది. 2024 సెప్టెంబరు 2న బ్యారేజీ నుంచి 11.43 లక్షల క్యూసెక్కులు దిగువకు వెళ్ళాయి. గేట్లన్నీ ఎత్తేసినా నీరు పియర్లను మింగేస్తున్నట్టు కనిపించిన ఆ రోజు, బ్యారేజీ చరిత్రలోనే రికార్డు. ఆమాక్ సగటు ప్రవాహం సెకనుకు సుమారు 1.7 కోట్ల ఘనపు మీటర్లు. మన లెక్కలో 60 కోట్ల క్యూసెక్కులు. అంటే ఆ రికార్డు వరదకు ఐదు వందల రెట్లకు పైగా నీరు, ఏడాది పొడవునా, రాత్రీ పగలూ కదులుతూ ఉంటుంది. ప్రపంచంలోని నదులన్నిటినీ కలిపినా అందులో పదో వంతుకు రావు.

వాయవ్య యూరప్ తన అక్షాంశానికి తగినంత చల్లగా ఉండకపోవడానికి ఇంత నీరు మోసుకెళ్ళే వేడి కూడా ఒక కారణం. లండన్ ఉన్న అక్షాంశంలోనే, అట్లాంటిక్‌కు అవతలి ఒడ్డున కెనడా లాబ్రడార్ తీరం చలికాలమంతా మంచులో ఉంటుంది. ప్రవాహం బాగా తగ్గితే ప్రపంచమంతా వేడెక్కుతున్నా ఆ ఒక్క మూల చల్లబడొచ్చు. మొదటి ప్రశ్నకు జవాబు అదే. మొత్తం వేడి తగ్గదు, పంపకం మారుతుంది.

బలహీనత ఎక్కడ

గ్రీన్‌లాండ్ మంచు ఫలకం 2002 నుంచి ఏటా సగటున దాదాపు 27,000 కోట్ల టన్నుల మంచు కోల్పోతోందని నాసా ఉపగ్రహాల కొలతలు చెబుతున్నాయి. టీఎంసీల్లోకి మారిస్తే 9,500కు పైమాటే. నిండు నాగార్జునసాగర్లు ముప్పై. అదంతా మంచినీరు, సరిగ్గా ఉప్పునీరు మునగాల్సిన చోటికి దగ్గరగా చేరుతోంది. పలచబడ్డ నీరు ఎంత చల్లబడినా త్వరగా మునగదు. దానికి తోడు పైపొర కూడా వేడెక్కుతోంది.

ఇందులో ఒక మెలిక ఉంది. ఉత్తరానికి ఉప్పును మోసుకొచ్చేదీ ఈ ప్రవాహమే. ప్రవాహం తగ్గితే వచ్చే ఉప్పు తగ్గుతుంది, ఉప్పు తగ్గితే మునక తగ్గుతుంది, మునక తగ్గితే ప్రవాహం ఇంకా తగ్గుతుంది. ఒక హద్దు దాటాక తనను తానే కుంగదీసుకునే వ్యవస్థ ఇది. 1961లో అమెరికా సముద్ర శాస్త్రవేత్త హెన్రీ స్టోమెల్ రెండు నీటి పెట్టెల లాంటి చిన్న లెక్కతో దీన్ని చూపించారు. ఆ హద్దు దాటాక వేడి తగ్గించినంత మాత్రాన ప్రవాహం పాత స్థితికి రాదని కూడా ఆ లెక్క చెబుతుంది. శాస్త్రవేత్తలకు టెన్షన్ పుట్టిస్తున్నది ఈ గుణమే.

కళ్ళకు కనిపించే గుర్తు ఒకటుంది. భూగోళం దాదాపు అంతటా వేడెక్కుతుంటే, గ్రీన్‌లాండ్‌కు దక్షిణాన సముద్రంలో ఒక మచ్చ మాత్రం గత శతాబ్దంతో పోలిస్తే చల్లబడింది. అటువైపు చేరే వేడి తగ్గిందనడానికి చాలామంది దీన్ని ఆధారంగా చూపిస్తారు. నేరుగా కొలిచిన లెక్కలు మాత్రం తక్కువ. అట్లాంటిక్‌కు అడ్డంగా, 26.5 డిగ్రీల ఉత్తర అక్షాంశం వెంట పరికరాలు దించి కొలవడం 2004లో గానీ మొదలు కాలేదు. తొలి ఏళ్లలో ప్రవాహం తగ్గింది, తర్వాత కొంత కోలుకుంది. రెండు దశాబ్దాల కొలతలతో, సహజమైన హెచ్చుతగ్గులు ఏవో, మనిషి చేసిన మార్పు ఏదో విడదీయడం కష్టం.

అందుకే వార్తలు ఒకదానికొకటి పొసగవు. ఈ శతాబ్దంలో ఆమాక్ బలహీనపడటం దాదాపు ఖాయమని, 2100లోపు హఠాత్తుగా కుప్పకూలకపోవచ్చని ఐక్యరాజ్యసమితి వాతావరణ నిపుణుల సంఘం ఐపీసీసీ 2021 నివేదికలో అంచనా వేసింది. కుప్పకూలదన్న మాటకు మాత్రం మధ్యస్థ నమ్మకమే ఇచ్చింది. 2023లో డెన్మార్క్ పరిశోధకులు ఇద్దరు ఈ శతాబ్దం మధ్యలోనే కూలవచ్చని లెక్కగట్టారు. 2024 అక్టోబరులో 44 మంది శాస్త్రవేత్తలు ఈ ముప్పును తక్కువ అంచనా వేస్తున్నారని ఉత్తర యూరప్‌లోని నార్డిక్ దేశాల మంత్రుల మండలికి బహిరంగ లేఖ రాశారు. 2025 మొదట్లో వచ్చిన ఇంకో అధ్యయనం, దక్షిణ మహాసముద్రం మీది గాలులు నీటిని పైకి లాగుతూనే ఉంటాయి కాబట్టి పూర్తిగా ఆగడం ఈ శతాబ్దంలో జరగకపోవచ్చని తేల్చింది. బలహీనపడుతుందన్నది వీటన్నిటిలో ఉమ్మడి మాట. చర్చంతా ఎంత, ఎప్పుడు అన్నదాని మీదే. శీర్షికల్లో ఈ తేడా కొట్టుకుపోతోంది.

ఇంకో పొరపాటు కూడా సరిదిద్దాలి. గల్ఫ్ స్ట్రీమ్, ఆమాక్ ఒకటి కావు. గల్ఫ్ స్ట్రీమ్‌ను ప్రధానంగా నడిపేది గాలులు, భూభ్రమణం. గాలి వీస్తున్నంత కాలం అది ఏదో ఒక రూపంలో ఉంటుంది. ముప్పు ఉన్నది బరువెక్కి మునిగే భాగానికి.

వానల పట్టీ జరిగితే

భూమధ్యరేఖ చుట్టూ మేఘాల పట్టీ ఒకటి ఉంటుంది. రెండు అర్ధగోళాల్లో ఏది వెచ్చగా ఉంటే అటు జరగడం దాని స్వభావం. ఎండాకాలం చివర అది ఉత్తరానికి జరిగి మన ఉపఖండం మీదికి రావడం, నైరుతి రుతుపవనాలు రావడం కలిసే జరుగుతాయి. అట్లాంటిక్ ఉత్తరానికి వేడి మోయడం తగ్గిస్తే ఉత్తరార్ధం కొంత చల్లబడి, ఆ పట్టీ దక్షిణానికి జరుగుతుంది.

ఇది కంప్యూటర్ ఊహ మాత్రమే కాదు. సుమారు 12,900 ఏళ్ల కిందట, మంచుయుగం ముగిసే దశలో ఉత్తర అట్లాంటిక్ ప్రవాహం బాగా బలహీనపడింది. యూరప్ మళ్ళీ వెయ్యేళ్లకు పైగా చలిలోకి జారింది. అదే కాలంలో ఇక్కడ వానలు తగ్గాయని మేఘాలయలోని మామ్లూ గుహలో చుక్క చుక్కగా పేరుకున్న సున్నపురాతి స్తంభాల్లోని రసాయన గుర్తులు చెబుతున్నాయి. అట్లాంటిక్‌కూ మన వానకూ లంకె ఉందనడానికి ఇంతకంటే గట్టి సాక్ష్యం దొరకడం కష్టం.

అయితే ఈసారి లెక్కలో ఇంకో తూకం ఉంది. గాలి ఒక డిగ్రీ వేడెక్కితే సుమారు 7 శాతం ఎక్కువ తేమ పట్టుకోగలదు. అందుకే ఈ శతాబ్దంలో దక్షిణాసియా రుతుపవన వర్షం మొత్తమ్మీద పెరుగుతుందని ఐపీసీసీ అంచనా. పెంచే శక్తి ఒకటి, తగ్గించే శక్తి ఇంకొకటి. ఆమాక్ నెమ్మదిగా తగ్గితే మొదటిది నెగ్గవచ్చు. అకస్మాత్తుగా కూలితే తూకం తిరగబడవచ్చు.

కృష్ణ నీరు పుట్టేది అరేబియాలో

విజయవాడ తాగే నీరు, గుంటూరు వైపు కాలువల్లో పారే నీరు ఎక్కువగా విజయవాడ మీద కురిసింది కాదు. మహాబలేశ్వరం నుంచి పశ్చిమ కనుమల వెంట కురిసే వాన ఆలమట్టి, జూరాల, శ్రీశైలం, సాగర్ దాటి ఇక్కడికి వస్తుంది. ఆ వాన తేమ అరేబియా సముద్రం మీదుగా వచ్చిందే. జూన్‌లో సోమాలియా తీరం వెంట బలమైన గాలులు లేవగానే అక్కడి ప్రవాహం దిశ మార్చుకుని ఉత్తరానికి పరుగెత్తుతుంది, అడుగునున్న చల్లటి నీరు పైకి తన్నుకొస్తుంది. ఏటా రెండుసార్లు దిశ మార్చుకునే ఇలాంటి పెద్ద ప్రవాహాలు హిందూ మహాసముద్రానికే ప్రత్యేకం.

రుతుపవనానికి బలం నేలకూ సముద్రానికీ మధ్య ఉండే వేడి తేడా. కేంద్ర భూవిజ్ఞాన శాఖ 2020లో విడుదల చేసిన అంచనా ప్రకారం, ఉష్ణమండల హిందూ మహాసముద్రం ఉపరితలం 1951 నుంచి 2015 మధ్య ఒక డిగ్రీ వేడెక్కింది. ప్రపంచ సముద్రాల సగటు 0.7 డిగ్రీలే. నేలకంటే సముద్రం తొందరపడితే తేడా తగ్గుతుంది. అదే కాలంలో దేశంలో నైరుతి వర్షం సుమారు 6 శాతం తగ్గిందని ఆ నివేదికే చెప్పింది, గాలిలోని ధూళి, పొగ కూడా అందుకు కారణమంటూ. మరోవైపు మధ్య భారతంలో 1950 నుంచి 2015 మధ్య విస్తారమైన కుంభవృష్టి ఘటనలు మూడింతలయ్యాయి. వాన దినాల మధ్య ఎడం పెరిగి, పడ్డప్పుడు కుమ్మరించడం అన్నమాట.

వీటి మీద పసిఫిక్ నుంచి ఎల్ నినో వచ్చి కూర్చుంటుంది. అక్కడ తూర్పు గాలులు మెత్తబడి వెచ్చటి నీరు తూర్పుకు జరిగితే, చాలాసార్లు మన దగ్గర నైరుతి దెబ్బతింటుంది. 2015 ఎల్ నినో ఏడాదిలోనే పట్టిసీమ నుంచి ఎత్తిపోసిన గోదావరి నీరు మొదటిసారి ఇబ్రహీంపట్నం దగ్గర కృష్ణలో కలిసింది. 2023లో మళ్ళీ ఎల్ నినో. ఆ ఆగస్టు దేశంలో 1901 తర్వాత అత్యంత పొడి ఆగస్టు. సరిగ్గా ఏడాది తిరిగేసరికి బుడమేరు గండ్లు పడి సింగ్‌నగర్ మునిగింది, బ్యారేజీ రికార్డు బద్దలైంది. ఒక కరవును, ఒక వరదను పక్కపక్కన పెట్టి రెంటికీ వాతావరణ మార్పే కారణమని తేల్చేయడం శాస్త్రం ఒప్పుకోని పని. అయితే ఒక ఏడాదికీ ఇంకో ఏడాదికీ ఇంత తేడా రావడం మాత్రం వేడెక్కే సముద్రం నుంచి శాస్త్రం ఎదురుచూస్తున్న మార్పే.

బంగాళాఖాతం మీది మూత

డెల్టాకు అన్నిటికంటే దగ్గరి సముద్రం గురించి తక్కువ చర్చ జరగడం విచారకరం. వరద తగ్గాక హంసలదీవి సంగమం దగ్గర నిలబడితే ఒక దృశ్యం కనిపిస్తుంది. కృష్ణ ఎర్రటి నీరు సముద్రంలోకి వెళ్ళగానే కలిసిపోదు. నాలుకలా చాచుకుని, ఉప్పునీటి మీద తేలుతూ, అంచు గీసినట్టు దూరం దాకా వెళుతుంది. గంగ, బ్రహ్మపుత్ర, ఐరావతి, మహానది, గోదావరి కూడా ఇలాగే తెచ్చి పోస్తాయి. అందుకే బంగాళాఖాతం పైపొర అరేబియా సముద్రంకంటే ఉప్పు తక్కువ, కింది నీటితో కలవడం తక్కువ.

వానాకాలం ముగిశాక, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా తూర్పు తీర ప్రవాహం దక్షిణ దిశగా సాగుతుంది. గంగా బ్రహ్మపుత్రల నీటిని తీరం పొడవునా, దాదాపు వంద కిలోమీటర్ల వెడల్పు పట్టీగా ఆంధ్ర, తమిళ తీరాలకు లాక్కొస్తుంది. సముద్రంలో పారే ఈ నదిని పట్టిచ్చినవి మత్స్యకారులు సేకరించి ఇచ్చిన నీటి నమూనాలు. వాటిలో ఉప్పు కొలిచి శాస్త్రవేత్తలు 2014లో ఈ సంగతి ప్రచురించారు. ఫిబ్రవరి తర్వాత ఈ ప్రవాహం తిరగబడి ఉత్తరానికి సాగుతుంది.

ఈ మూతకూ తుపానుకూ దగ్గరి సంబంధం ఉంది. మామూలుగా తుపాను సముద్రాన్ని కలియబెడుతుంది, అడుగు చల్లనీరు పైకొస్తుంది, దాంతో తుపాను తన పొయ్యిని తానే ఆర్పుకుంటుంది. మంచినీటి మూత ఉన్నచోట ఈ కలియబెట్టడం లోతుకు దిగదు. మూత అడుగున దొరికేది కూడా వెచ్చటి ఉప్పునీరే. పొయ్యి మండుతూనే ఉంటుంది. పైపొర ఏటికేడాది వేడెక్కుతున్నప్పుడు ఈ మంటకు కట్టెలు ఇంకా అందుతాయి. తుపాన్ల సంఖ్య పెరగకపోయినా, బలమైనవాటి వాటా పెరుగుతుందన్న అంచనాకు వెనకున్న యంత్రాంగంలో ఇదొక భాగం.

1977 నవంబరు 19 దివిసీమ ఉప్పెన ఈ నేలకు చెప్పక్కర్లేని జ్ఞాపకం. ఆ తర్వాత హెచ్చరికల వ్యవస్థ ఎంతో మెరుగై ప్రాణనష్టం బాగా తగ్గింది. పంటకు మాత్రం ఆ రక్షణ లేదు. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది. డిసెంబరు మొదటి వారమంటే తెనాలి, రేపల్లె, బాపట్ల వైపు కొంత వరి పనల మీద, కొంత నిలబడి ఉండే సమయం. చాలామంది కోతకు కొన్ని రోజుల ముందే వరిలో మినుము చల్లి ఉంటారు. ఆ వారంలో వాన పడితే పనలు నానతాయి, గింజ మొలకెత్తుతుంది, కింద చల్లిన మినుము కుళ్ళుతుంది. గుంటూరు, పల్నాడు మెరక పొలాల్లో మిర్చి అప్పుడు పూత, పిందె మీద ఉంటుంది. ఒకే తుపాను రెండు పంటల రాబడిని తీసుకుపోవడం అంటే ఇదే.

చేప, నాచు, ఊపిరి

మూత వల్ల ఇంకో నష్టం కంటికి కనపడదు. సముద్రంలో ఆహారం మొదలయ్యేది ఫైటోప్లాంక్టన్ అనే సూక్ష్మమైన నాచు దగ్గర. దానికి ఎండ పైన దొరుకుతుంది, ఎరువు అడుగున ఉంటుంది. రెంటినీ కలిపేది నీటి పైకీ కిందికీ కదలిక. పెరూ తీరంలో చల్లనీరు పైకి రావడం వల్ల నెత్తళ్ళ జాతి చేపలు ప్రపంచంలోనే అతిపెద్ద వేటగా మారాయి. ఎల్ నినో వచ్చిన ఏడు ఆ వేట కుప్పకూలుతుంది. పైపొర వేడెక్కి తేలికైతే సముద్రం అంతటా అదే రకం అడ్డు కొంత కొంతగా పడుతుంది. పశ్చిమ హిందూ మహాసముద్రంలో ఆరు దశాబ్దాల్లో ఈ నాచు 20 శాతం దాకా తగ్గిందని 2016లో ఒక అధ్యయనం అంచనా వేసింది. లోతులకు ప్రాణవాయువు చేరవేసేది కూడా మునిగే నీరే. 1960 తర్వాత అర్ధ శతాబ్దంలో సముద్రాలు తమ ఆక్సిజన్‌లో సుమారు 2 శాతం కోల్పోయాయి. మనుషులు వదిలే కార్బన్ డయాక్సైడ్‌లో పావు వంతును మింగుతున్నదీ సముద్రమే. మునక మందగిస్తే ఆ మింగుడూ తగ్గుతుంది, మిగిలింది గాలిలోనే ఉండి ఇంకా వేడి పెంచుతుంది.

నిజాంపట్నం, గిలకలదిండి హార్బర్ల నుంచి వెళ్ళే బోట్లకు ఇది డీజిల్ లెక్కగా అర్థమవుతుంది. కవళ్ళు, కానాగంతలు లాంటివి పైపొరలో గుంపులుగా తిరిగే చేపలు. నీరు వేడెక్కితే లోతుకో దూరానికో జరుగుతాయి. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజుల వేట నిషేధం గుడ్లు పెట్టే కాలాన్ని ఉద్దేశించింది. ఆ కాలం కదిలితే తేదీలు అక్కడే నిలబడిపోతాయి. హైదరాబాద్‌లోని సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్ ఉపగ్రహాల్లో నీటి వేడి, నాచు రంగు చూసి చేపలు దొరికే చోట్ల సమాచారం మత్స్యకారులకు ఇస్తోంది. మారే సముద్రంతో పాటు మారే సమాచారం ఇప్పటికి అదొకటి.

పాత లెక్కల మీద పంపకాలు

కృష్ణా జలాల పంపకానికి ఇదంతా సూటిగా తగులుతుంది. 1970ల్లో బచావత్ ట్రిబ్యునల్ 2,060 టీఎంసీలను 75 శాతం భరోసా నీరుగా తేల్చి రాష్ట్రాలకు పంచింది. ఆ అంకెకు ఆధారం 1894-95 నుంచి 1971-72 వరకు 78 ఏళ్ల ప్రవాహాల రికార్డు. తర్వాతి బ్రిజేష్ కుమార్ ట్రిబ్యునల్ 1961-62 నుంచి 2007-08 దాకా 47 ఏళ్ల లెక్కను తీసుకుంది. 75 శాతం భరోసా అంటే నాలుగేళ్లలో మూడేళ్లు కనీసం అంత నీరు వస్తుందన్న నమ్మకం. గతం ఎలా ఉందో రాబోయే కాలమూ అలాగే ఉంటుందన్నది దాని పునాది.

డెల్టాలోని సుమారు 13 లక్షల ఎకరాలకు నీరు వదిలే తేదీ, ఖరీఫ్ నాట్లు, డిసెంబరు కోతలు, వాటి వెనక మినుము అన్నీ ఆ పునాది మీదే నిలబడ్డాయి. సగటు పెద్దగా మారకుండా 2023, 2024ల మాదిరి ఊగిసలాట మాత్రమే పెరిగినా, నాలుగింట మూడేళ్లన్న భరోసా పలచబడుతుంది. వరద వచ్చిన వారంలో సముద్రంలో కలిసిపోయిన నీరు, సగటును పెంచుతుందే తప్ప, ఆగస్టులో ఎండిన నారుమడికి అందదు. నాట్లు ముందుకు జరిపి కోతను తుపాన్ల నెలలకు ముందే ముగించాలంటే జూన్‌లోనే కాలువకు నీరు కావాలి. ఆ నీరు ఎగువ జలాశయాలు నిండితేనే వస్తుంది. అవి ఎప్పుడు నిండుతాయన్నది సోమాలియా తీరం గాలుల మీద, పసిఫిక్ నీటి వేడి మీద ఆధారపడి ఉంది. 1894లో మొదలైన ఆ రికార్డు పుస్తకంలో ఈ రెండింటికీ గడి లేదు.